పాత్రలో బగ్గా? రాతలో బగ్గా?

టీన్ హారర్ సిరీస్‌ల మీద అభిమానులు చేసే వాదనలు ఉత్త టైంపాస్ కాదు. ఇంటర్వ్యూకీ, ఆఫీసుకీ, క్యాంపస్ జీవితానికీ పనికొచ్చే లాజిక్ వాటిలో ఉంది.

నెట్‌ఫ్లిక్స్‌లో 'వెన్స్‌డే' చూసిన నలుగురిని ఒకచోట కూర్చోబెట్టండి. పది నిమిషాల్లో రెండు పార్టీలు తయారవుతాయి. 'ఆ పిల్ల పక్కా సెల్ఫిష్, స్నేహితుల్ని వాడుకుంటుంది' అని ఒకరు. 'అదే కదా ఆ క్యారెక్టర్! నవ్వుతూ అందరికీ సాయం చేస్తే ఇంక చూడ్డానికి ఏముంది?' అని ఇంకొకరు. మూడో మనిషి మధ్యలో దూరి 'సెకండ్ సీజన్‌లో టోన్ మారిపోయింది బ్రో' అంటాడు. 'టోన్ కాదు, నువ్వే మారావు' అని నాలుగో గొంతు వినిపిస్తుంది.

ఈ గొడవకి ఇప్పుడు మంచి సీజన్. 2022 నవంబరులో వచ్చిన 'వెన్స్‌డే' మొదటి సీజన్ తొలి 91 రోజుల్లో 25 కోట్ల 21 లక్షల వ్యూస్ తెచ్చుకుని నెట్‌ఫ్లిక్స్ ఇంగ్లిష్ సిరీస్‌లన్నిటిలో పైన నిలిచింది. రెండో సీజన్ 2025 ఆగస్టు 6న సగం, సెప్టెంబరు 3న సగం వచ్చింది. అది రాకముందే మూడో సీజన్ కూడా ఖాయమైపోయింది. 2025 డిసెంబరు 31న 'స్ట్రేంజర్ థింగ్స్' చివరి ఎపిసోడ్ వచ్చింది. దయ్యాలు, రాక్షసులు, మధ్యలో స్కూలు పిల్లలు అనే ఈ రకం కథలు అమెరికన్ టీవీలో పక్కదారి సరుకు కాదు, ప్రధాన సరుకు.

సరే, ఉద్యోగాలు వెతుక్కునే మనకి దీంతో ఏం పని? రెండు పనులున్నాయి. ఒకటి, ఈ వాదనలు చేసేటప్పుడు మనకి తెలియకుండానే విశ్లేషణ అనే పని చేస్తున్నాం. దాన్ని కొంచెం పద్ధతిగా చేస్తే గ్రూప్ డిస్కషన్‌లోనూ, కోడ్ రివ్యూలోనూ అదే నైపుణ్యం అక్కరకొస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. తెర మీద ఎవరి తప్పుని క్షమిస్తున్నాం, ఎవరి తప్పుని క్షమించట్లేదు అన్నది చిన్నగా మన అలవాటైపోతుంది. ఆ అలవాటు తెర దగ్గర ఆగదు.

(ముందే చెప్తున్నా, కింద కథ మలుపులు బయటపడతాయి. చూడనివాళ్లు చూసొచ్చి చదవండి.)

రెండు రకాల బగ్‌లు

ఇంజినీరింగ్ భాషలో చెప్పుకుందాం. సాఫ్ట్‌వేర్ వింతగా ప్రవర్తిస్తే టెస్టర్ అడిగే మొదటి ప్రశ్న: ఇది కావాలని పెట్టిందా, పొరపాటున వచ్చిందా? కథల్లోనూ అంతే. పాత్రలో లోపం వేరు, రాతలో లోపం వేరు. అభిమానుల గొడవల్లో చాలావాటికి మూలం ఈ రెంటినీ కలిపేయడమే.

'వెన్స్‌డే' నుంచే ఉదాహరణ తీసుకుందాం. మొదటి సీజన్‌లో యూజీన్ అనే అమాయకపు కుర్రాడు, తేనెటీగలు పెంచుకునేవాడు, ఆమెని నమ్ముతాడు. అడవిలో గుహ దగ్గర నిఘాకి ఇద్దరూ కలిసి వెళ్లాలి. ఆ రాత్రి ఆమె డ్యాన్స్ పార్టీకి వెళ్తుంది. అతను ఒంటరిగా అడవికి వెళ్లి రాక్షసుడి చేతిలో చావుదాకా వెళ్తాడు. మరో ఎపిసోడ్‌లో తన పుట్టినరోజు వంక పెట్టి, రూమ్‌మేట్ ఈనిడ్‌ని పాడుబడ్డ భవనానికి తీసుకెళ్లి ప్రమాదంలో పడేస్తుంది. ఈనిడ్ విసిగిపోయి గది ఖాళీ చేసి వెళ్లిపోతుంది.

ఇది పాత్రలో లోపం. రచయితలకి ఆ సంగతి తెలుసు. ఎలా చెప్పగలం అంటే, ఆ లోపానికి కథలో బిల్లు వచ్చింది. యూజీన్ ఆసుపత్రి పాలయ్యాడు, స్నేహితురాలు దూరమైంది, సీజన్ చివర్లో ఎవరినీ ముట్టుకోనివ్వని ఆ అమ్మాయి ఈనిడ్‌ని కావలించుకుంది. లోపం, దానివల్ల నష్టం, ఆ నష్టం వల్ల కొంచెం మార్పు. ఈ మూడూ వరసలో ఉంటే 'ఆమె స్వార్థపరురాలు' అన్నది సిరీస్ మీద విమర్శ కాదు, సిరీస్ సారాంశం.

ఇప్పుడు అదే సీజన్‌లో ప్రేమ త్రికోణం చూడండి. ఒకవైపు కాఫీ షాపు కుర్రాడు టైలర్, ఇంకోవైపు బొమ్మలు గీసే జేవియర్. మనుషుల మీద ఆసక్తే లేదని మొదటి సీన్ నుంచి చెప్పుకున్న అమ్మాయి ఇద్దరి మధ్య ఊగుతుంది. అలా ఎందుకు మారిందో కథ సరిగ్గా చెప్పదు. చాలామంది అభిమానులకి ఇదే గుచ్చుకుంది. ఇది పాత్ర బలహీనత అనిపించదు, 'టీన్ సిరీస్ కదా, ఇది కూడా ఉండాలి' అని అతికించినట్టుంటుంది. ఇదీ రాతలో లోపం.

విచిత్రం ఏంటంటే, ఈ మాట అన్నది అభిమానులే కాదు. హీరోయిన్ జెన్నా ఒర్టేగా కూడా 2023 మార్చిలో ఒక పాడ్‌కాస్ట్‌లో ఆ త్రికోణం తన పాత్రకి అతకలేదని చెప్పారు. కొన్ని డైలాగులు సెట్‌లో తానే మార్చేశానని, ఒక దశలో ప్రొఫెషనల్‌గా లేననిపించేంత దూరం వెళ్లానని కూడా అన్నారు. అదే ఏడాది మే 2న హాలీవుడ్ రచయితల సమ్మె మొదలై 148 రోజులు నడిచింది. ఆ సమ్మెలో కొందరు రచయితల చేతుల్లో ఆమెని ఎద్దేవా చేసే ప్లకార్డులు కనిపించాయి. ఆ మాటలు ఇంకాస్త బాగా చెప్పి ఉండాల్సిందని తర్వాత ఆమే ఒప్పుకున్నారు. రెండో సీజన్‌కి ఆమె నిర్మాతల్లో ఒకరయ్యారు. ఆ సీజన్‌లో వెన్స్‌డేకి ప్రేమకథ లేదు, హారర్ పాలు పెరిగింది.

ఇందులో ఉద్యోగానికి పనికొచ్చే పాఠం సూటిగా ఉంది. ఆమె చెప్పిన విషయం సరైనదే కావచ్చు. చెప్పిన తీరు మాత్రం కాగితం మీద కష్టపడ్డవాళ్లని నొప్పించింది. రేపు టీమ్‌లో సీనియర్ రాసిన డిజైన్ మీకు తప్పనిపించొచ్చు. చెప్పకుండా మార్చేస్తే మీరు సరైనవాళ్లయినా గొడవే. మీటింగ్‌లో ముందే ఎత్తితే అదే మాట రివ్యూ కామెంట్ అవుతుంది.

టోన్ అంటే మూడ్ ఒక్కటే కాదు

'టోన్ చెడింది' అనేది అభిమానులు ఎక్కువగా వాడే మాట, తక్కువగా వివరించే మాట. ఒకే సంఘటనని నవ్వుకోమంటున్నారా, భయపడమంటున్నారా, బాధపడమంటున్నారా అని ప్రేక్షకుడికి అందే సూచనల మొత్తమే టోన్. సంగీతం, వెలుతురు, డైలాగ్ పలికే తీరు, తర్వాతి సీన్ ఏంటి అన్నది, అన్నీ కలిసి ఆ సూచన ఇస్తాయి.

దీనికి పాఠ్యపుస్తకం లాంటి సిరీస్ 'బఫీ ద వాంపైర్ స్లేయర్'. 1997 నుంచి 2003 దాకా ఏడు సీజన్లు, 144 ఎపిసోడ్లు. పగలు హైస్కూలు, రాత్రి రక్తపిశాచుల వేట. భయం మధ్యలో జోకు, జోకు మధ్యలో చావు. అందులో 2001లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో బఫీ తల్లి చనిపోతుంది. దయ్యం చంపలేదు, రాక్షసుడు చంపలేదు, అనారోగ్యంతోనే పోయింది. ఆ ఎపిసోడ్ మొత్తంలో నేపథ్య సంగీతం లేదు. ఏడవమని చెప్పే వయొలిన్ లేకపోయేసరికి ప్రేక్షకుడు ఆ నిశ్శబ్దంలో ఒంటరిగా మిగిలిపోతాడు. అదీ టోన్ మీద పట్టు.

టోన్ తెర లోపలే తయారవదు, బయటి ప్రపంచం కూడా దాన్ని మార్చేస్తుంది. 1999 ఏప్రిల్ 20న అమెరికాలోని కొలంబైన్ హైస్కూల్లో కాల్పులు జరిగాయి. సరిగ్గా వారం తర్వాత ప్రసారం కావాల్సిన 'బఫీ' ఎపిసోడ్‌లో స్కూల్లో అందరినీ చంపాలని ఎవరో అనుకోవడం బఫీకి వినిపిస్తుంది. ఛానెల్ దాన్ని ఆపేసి సెప్టెంబరులో ప్రసారం చేసింది. ఆ సీజన్ ముగింపు ఎపిసోడ్ కూడా మే నుంచి జులైకి వెళ్లింది. ఎపిసోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా, ఏప్రిల్ 19న చూసేవాడికి ఒక టోన్, 21న చూసేవాడికి ఇంకో టోన్. మీరు ప్రకటన రాసినా, కంపెనీ తరఫున పోస్టు పెట్టినా, యాప్‌లో నోటిఫికేషన్ మెసేజ్ రాసినా ఇదే గుర్తుండాలి. మాట బాగుంటే చాలదు, అది చేరే రోజు కూడా చూసుకోవాలి.

కొన్నిసార్లు టోన్ మార్చేది అభిమానులే. 'వెన్స్‌డే' డ్యాన్స్ సీన్‌లో వినిపించేది ద క్రాంప్స్ బ్యాండ్ పాడిన పాత రాక్ పాట. అభిమానులు దాన్ని తీసేసి లేడీ గాగా 2011 నాటి 'బ్లడీ మేరీ' పాట అతికించి రీల్స్ చేశారు. వింతగా, బిగుసుకుపోయినట్టున్న డ్యాన్స్ స్టైలిష్ డ్యాన్స్ అయిపోయింది. పాత పాటకి కొత్త జీవం వచ్చింది. రెండో సీజన్‌లో ఏకంగా లేడీ గాగానే తెర మీదకి వచ్చారు, సిరీస్ కోసం కొత్త పాట కూడా చేశారు. ప్రేక్షకుల ఫీడ్‌బ్యాక్ ప్రొడక్ట్‌లోకి ఎలా వెళ్తుందో చూపించడానికి ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ దొరకదు.

పిశాచాల్ని చంపగలదు, ప్లంబర్ బిల్లు కట్టలేదు

'బఫీ' అభిమానులు ఇరవయ్యేళ్లకి పైగా తెగ్గొట్టలేకపోయిన పంచాయితీ ఆరో సీజన్. 2001-02లో వచ్చింది. అప్పటికి బఫీ ఒకసారి చనిపోయి, స్నేహితుల మంత్రంతో బతికొచ్చింది. తల్లి లేదు. చెల్లెల్ని చూసుకోవాలి. ఇంట్లో పైపులు పగిలి నేలమాళిగ నిండా నీళ్లు. బ్యాంకుకి లోన్ కోసం వెళ్తే ఉద్యోగం లేదు, ఆదాయం లేదు అంటారు. మాట మధ్యలో బ్యాంకు మీద పడ్డ రాక్షసుణ్ని తరిమేసినా లోన్ మాత్రం రాదు! తర్వాత భవన నిర్మాణంలో కూలి పనికి వెళ్తే అది పోతుంది. దుకాణంలో కౌంటర్ దగ్గర నిలబడితే మాయ వల్ల ఒకే కస్టమర్ ఒకే వస్తువు కోసం మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. కస్టమర్ సపోర్ట్‌లో పనిచేసినవాళ్లకి ఆ సీన్ కామెడీ కాదు, డాక్యుమెంటరీ. చివరికి బర్గర్ షాపులో యూనిఫాం వేసుకుంటుంది.

అప్పట్లో చాలామందికి ఇది నచ్చలేదు. 'మా బఫీ ఎక్కడ? ఇంత దిగులా?' అన్నారు. ఆమె స్నేహితులకి దూరంగా ఉంటుంది, అబద్ధాలాడుతుంది, తనకి మంచిది కాని సంబంధంలో పడుతుంది. సమర్థించేవాళ్ల వాదన వేరు: ఇంతకాలం రాక్షసులు హైస్కూలు కష్టాలకి పోలిక. ఇప్పుడు హైస్కూలు అయిపోయింది, కష్టం మారువేషం లేకుండానే వచ్చింది. డిగ్రీ చేతికొచ్చి, ఆఫర్ లెటర్ రాని నెలల్లో ఇంట్లో ఫోన్ ఎత్తడానికి భయపడేవాళ్లకి ఈ సీజన్ ఎందుకు అర్థమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. బఫీకి ప్రతిభ లేక కాదు, ఆమె ప్రతిభకి జీతం ఇచ్చే పోస్టు లేదు. ఇది పాత్ర లోపమా, పరిస్థితి లోపమా అన్న ప్రశ్న ఆ సీజన్ అడుగుతుంది. నిరుద్యోగిని చూసి మనవాళ్లు అడగడం మరిచిపోయే ప్రశ్న కూడా అదే.

అదే సీజన్‌లో మనలాంటి టెక్కీలకి గట్టిగా తగిలే ఇంకో అంశం ఉంది. ఈసారి విలన్లు ముగ్గురు మామూలు కుర్రాళ్లు: వారెన్, జొనాథన్, యాండ్రూ. కంప్యూటర్లు, రోబోలు, కామిక్స్, 'స్టార్ వార్స్' జోకులు. మొదట్లో వాళ్లు కామెడీ ట్రాక్. అందరూ నవ్వారు. సీజన్ సగం దాటాక వారెన్ ఒక పరికరంతో తన మాజీ ప్రియురాలి బుద్ధిని లొంగదీసుకుంటాడు. ఆమెకి స్పృహ వచ్చి, వాళ్లు చేసిన నేరానికి పేరు పెట్టి నిలదీస్తుంది. అతను ఆమెని చంపేస్తాడు. కామెడీ అక్కడితో చచ్చిపోతుంది.

'టోన్ ఒక్కసారిగా మారింది' అని ఫిర్యాదు చేసినవాళ్లున్నారు. వెనక్కెళ్లి చూస్తే అది ఒక్కసారిగా మారలేదు. వారెన్ అంతకుముందు సీజన్‌లోనే తన మాట జవదాటని ఆడ రోబోని తయారుచేసుకున్నవాడు. ఆధారాలు మొదటి నుంచీ తెర మీదే ఉన్నాయి. జోకుల టోన్ వల్ల మనకి కనపడలేదు. అంటే ఆ మలుపు రచయితల మీద కంటే ప్రేక్షకుడి మీద పెద్ద ప్రశ్న వేసింది: మీరు దేనికి నవ్వుతున్నారో చూసుకున్నారా?

ఎవరికి క్షమాభిక్ష, ఎవరికి శిక్ష

ఇక్కడి నుంచి 'ద వాంపైర్ డైరీస్' దగ్గరికి వెళ్దాం. 2009 నుంచి 2017 దాకా ఎనిమిది సీజన్లు, 171 ఎపిసోడ్లు. మన కాలేజీల్లో ల్యాప్‌టాప్ నుంచి ల్యాప్‌టాప్‌కి పాకిన సిరీస్ ఇది. అందులో డేమన్ సాల్వటోర్ మనుషుల్ని చంపుతాడు. మొదటి సీజన్‌లో కెరొలైన్ మనసుని మాయతో అదుపులో పెట్టుకుని వాడుకుంటాడు. రెండో సీజన్ మొదట్లో ఎలెనా తనని కాదందన్న కోపంతో ఆమె తమ్ముడి మెడ విరిచేస్తాడు. మాయ ఉంగరం వల్ల ఆ కుర్రాడు బతికాడు కాబట్టి సరిపోయింది, కానీ విరిచేటప్పుడు డేమన్ ఆ లెక్క చూసుకుని విరవలేదు. అయినా చివరికి కథానాయిక అతనికే దక్కుతుంది. మరోవైపు బానీ అనే మంత్రగత్తె పాత్ర ప్రతి సీజన్‌లో స్నేహితుల కోసం ఏదో ఒకటి కోల్పోతుంది. ఆమె దుఃఖానికి కథలో తీరిక దొరకదు. నల్లజాతి నటి పోషించిన ఆ పాత్రకి త్యాగాలే తప్ప సొంత జీవితం ఇవ్వలేదని అభిమానులు చాలాకాలంగా విమర్శిస్తున్నారు.

ఈ సిరీస్‌లో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. రక్తపిశాచులు తమ 'మానవత్వం' స్విచ్ ఆఫ్ చేసుకోవచ్చు. ఆఫ్‌లో ఉన్నప్పుడు ఏం చేసినా బాధ తెలీదు. కథకి ఇది సౌకర్యం. ఎంత ఘోరం చేయించినా 'అప్పుడు స్విచ్ ఆఫ్‌లో ఉంది' అనొచ్చు. మనుషులు కూడా ఇలాంటి స్విచ్‌లు వాడుతుంటారు. 'తాగి ఉన్నాడు', 'కోపంలో అన్నాడు', 'ప్రేమ ఎక్కువై చేశాడు'.

ఇక్కడ టోన్ అసలు పని చూడండి. అందమైన ముఖం, చురుకైన డైలాగ్, వెనకాల మెత్తటి పాట ఉంటే హింస కూడా తీవ్రమైన ప్రేమలా కనిపిస్తుంది. అదే పని అందంగా లేని పాత్ర చేస్తే విలన్. ఆడపాత్ర తప్పు నిర్ణయం తీసుకుంటే 'చిరాకు పిల్ల'. ఎలెనా మీద వచ్చిన విసుగు, డేమన్ మీద కురిసిన ప్రేమ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ లెక్కలో తేడా తెలుస్తుంది. తప్పుని బట్టి కాదు, తప్పు చేసినవాడికి కెమెరా ఇచ్చిన గౌరవాన్ని బట్టి మనం మార్కులేస్తున్నాం.

ఇది అమెరికా గొడవే కదా అని వదిలేయడానికి లేదు. వద్దన్నా వెంటపడటం, ఇంటి ముందు కాపు కాయడం, స్నేహితుల చేత రాయబారాలు నడపడం మన తెరల మీదా చాలాకాలం కామెడీ టోన్‌లోనే నడిచాయి. అసలు జీవితంలో ఆ పనులకి నేపథ్య సంగీతం ఉండదు. ఆసక్తి లేదని స్పష్టంగా చెప్పాక కూడా ఒక మహిళని పదేపదే వెంబడించడం, సంప్రదించడానికి ప్రయత్నించడం, ఆమె ఆన్‌లైన్ కదలికల మీద నిఘా పెట్టడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. కేసు నమోదైతే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో 'స్విచ్ ఆఫ్‌లో ఉంది' అని రాయడానికి గడి ఉండదు.

డేమన్‌ని ఇష్టపడకూడదని కాదు. లోపాలున్న పాత్రని ఇష్టపడటం ఆరోగ్యకరమే. అది మనిషి లోపలి చీకటిని దూరం నుంచి చూసే అవకాశం. ఇష్టపడటానికీ, అతను చేసిందాన్ని సమర్థించడానికీ మధ్య గీత ఉంది. 'నాకు ఆ పాత్ర ఇష్టం, కానీ కెరొలైన్ విషయంలో చేసింది నేరం, కథ దాన్ని తేలిగ్గా దాటేసింది' అని ఒకే వాక్యంలో చెప్పగలిగినవాళ్లే మంచి విశ్లేషకులు.

ఎపిసోడ్లు తగ్గితే ఏమవుతుంది?

ఇప్పటి సిరీస్‌లలో పాత్రలు అతుకుబొతుకుగా ఉన్నాయని ఫిర్యాదు చేసేవాళ్లు ఒక సాంకేతిక కారణాన్ని పట్టించుకోరు. 'బఫీ' ఒక్కో సీజన్ సాధారణంగా 22 ఎపిసోడ్లు, వారానికొకటి. రచయితలు సీజన్ చివరి ఎపిసోడ్లు రాస్తుండగానే మొదటివాటి మీద ప్రేక్షకుల స్పందన వచ్చేసేది. కొన్ని ఎపిసోడ్ల కోసమే వచ్చిన స్పైక్ అనే పిశాచి జనాదరణ వల్ల ప్రధాన పాత్ర అయిపోయాడు. 'వెన్స్‌డే' సీజన్‌కి 8 ఎపిసోడ్లు. మొదటి, రెండో సీజన్ల మధ్య రెండేళ్ల ఎనిమిది నెలలకు పైగా ఎడం. మన భాషలో అది వారం వారం స్ప్రింట్, ఇది ఏళ్ల తరబడి సాగే వాటర్‌ఫాల్ ప్రాజెక్ట్. బగ్ బయటపడ్డాక సరిదిద్దడానికి మూడేళ్లు పడుతుంది. అప్పటికి పదో తరగతి పిల్ల డిగ్రీలో ఉంటుంది.

తక్కువ ఎపిసోడ్లలో పాత్ర తప్పు చేయాలి, నష్టపోవాలి, మారాలి. మూడు మెట్లలో ఒకటి ఎగిరిపోతే పాత్ర లోపం కాస్తా రాత లోపంలా కనిపిస్తుంది. రెండో సీజన్‌లో ఉపకథలు మరీ ఎక్కువయ్యాయన్న అభిమానుల అసంతృప్తి వెనక ఈ ఇరుకే ఉంది. అయినా అందులో ఒక మెచ్చుకోదగ్గ ఆలోచన ఉంది. యాగ్నెస్ అనే అమ్మాయి, వెన్స్‌డేకి వీరాభిమాని, కనపడకుండా ఆమెని వెంబడిస్తుంది, ఆమె దృష్టి కోసం ప్రమాదాలు సృష్టిస్తుంది. సిరీస్ తన అభిమానినే కథలో పాత్రగా పెట్టి, అభిమానానికీ వెంటాడటానికీ మధ్య గీత ఎక్కడుందో అడిగింది.

ఇంకో హెచ్చరిక: వినిపించే గొంతు వేరు, లెక్క వేరు. నెట్‌ఫ్లిక్స్ చెప్పే 'వ్యూ' అంటే మనిషి కాదు. మొత్తం చూసిన గంటల్ని సిరీస్ నిడివితో భాగిస్తే వచ్చే అంకె. ఎంతమంది సగంలో ఆపేశారో, ఎవరు మళ్లీ మళ్లీ చూశారో అందులో తెలీదు. అటువైపు, అభిమానుల పోస్టులు ఎంత హోరెత్తినా అవి మొత్తం ప్రేక్షకుల శాంపిల్ కాదు. రక్తపిశాచి అమ్మాయి, వేటగత్తె అమ్మాయి మధ్య ప్రేమకథ 'ఫస్ట్ కిల్' 2022 జూన్‌లో వచ్చింది. గట్టి అభిమానులు ఉన్నా ఆగస్టుకల్లా రద్దయింది. డేటా అనలిస్ట్ ఉద్యోగానికి తయారయ్యేవాళ్లు ఈ రెండు కొలతల్నీ పక్కపక్కన పెట్టి, ఏది ఏం చెప్తుంది, ఏం చెప్పదు అని రాసి చూడండి. మంచి అభ్యాసం.

రాసింది ఆమె, హక్కు ఇంకొకరిది

ఈ చర్చలో ఉద్యోగార్థులు తప్పక తెలుసుకోవాల్సిన కథ ఒకటుంది. 'ద వాంపైర్ డైరీస్' సిరీస్‌కి ఆధారం 1991లో మొదలైన ఎల్.జె. స్మిత్ నవలలు. ఆమె రాసింది ఒక ప్రచురణ సంస్థ కోసం, చేసిన పనికి హక్కులన్నీ సంస్థవే అనే ఒప్పందం మీద. టీవీ సిరీస్ హిట్టయ్యాక, 2011లో సంస్థ ఆమెని పక్కనపెట్టి ఆ నవలల్ని వేరేవాళ్లతో కొనసాగించింది. తర్వాత అమెజాన్ 2013లో 'కిండిల్ వరల్డ్స్' అనే వేదిక పెట్టింది. లైసెన్స్ ఉన్న కథల మీద అభిమానులు రాసినవి అక్కడ అమ్ముకోవచ్చు. 2014లో స్మిత్ తన పాత్రల కథని అక్కడ, ఒక అభిమాని హోదాలో, కొనసాగించారు. ఆ వేదిక 2018లో మూతపడింది. ఆమె 2025 మార్చిలో కన్నుమూశారు.

డేమన్‌ని సృష్టించిన మనిషికే డేమన్ మీద హక్కు లేదు. మన కాపీరైట్ చట్టం 1957లోని 17వ సెక్షన్ ప్రకారం కూడా, ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే. ఆఫర్ లెటర్ రాగానే జీతం అంకె చూసి సంతకం పెట్టేస్తాం. మేధో సంపత్తి గురించి రాసిన పేరా కూడా చదవండి. మీ సొంత యాప్, బ్లాగ్, కథలు ఆఫీసు వేళల బయట, మీ సొంత ల్యాప్‌టాప్‌లో చేసినా వాటి మీద కంపెనీ హక్కు కోరుతోందా? అర్థం కాకపోతే చేరకముందే హెచ్ఆర్‌ని రాతపూర్వకంగా అడగండి. చేరాక అడిగే ప్రశ్నకి బలం తక్కువ.

ఈ చూపుని ఎలా వాడుకోవాలి?

ఏ పాత్ర గురించి వాదించినా ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఆమె లేదా అతను చేసింది ఏంటి? దానివల్ల ఎవరికి నష్టం జరిగింది, కథ ఆ నష్టాన్ని చూపించిందా? ఆ సీన్‌లో సంగీతం, జోకులు తీసేస్తే అదే అభిప్రాయం నిలుస్తుందా? ఇదే పని వేరే పాత్ర చేస్తే ఇంతే క్షమిస్తానా? ఈ నాలుగింటికీ సీన్లు చూపించి జవాబు చెప్పగలిగితే మీది అభిప్రాయం కాదు, విశ్లేషణ. గ్రూప్ డిస్కషన్‌లో టాపిక్ ఏదైనా ఇదే చట్రం పనిచేస్తుంది. 'నాకు అనిపిస్తోంది' దగ్గర ఆగేవాళ్లకీ, 'ఇందుకు అనిపిస్తోంది' అని చెప్పేవాళ్లకీ తేడా ప్యానెల్ పట్టేస్తుంది.

హెచ్ఆర్ రౌండ్‌లో 'మీ బలహీనత ఏంటి?' అని అడుగుతారు. 'నేను పర్ఫెక్షనిస్ట్‌ని సార్' అనేది రాతలో లోపం. నష్టం లేని లోపాన్ని ఎవరూ నమ్మరు. వెన్స్‌డే సూత్రం వాడండి: లోపం, నష్టం, మార్పు. 'సందేహం ఉన్నా అడగకుండా ఒక్కడినే కూర్చుని తేల్చేద్దామనుకుంటాను. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్‌లో అలా వారం పోయింది. ఇప్పుడు రెండు గంటలు దాటి ఇరుక్కుంటే టీమ్‌లో అడగాలని నియమం పెట్టుకున్నాను.' మూడు వాక్యాలు చాలు. ఇందులో మీ సొంత సంగతే పెట్టండి, దీన్ని బట్టీ కొట్టకండి. పక్క కుర్చీలోవాడు కూడా ఇదే పేజీ చదివి రావచ్చు!

రాయడం మీద ఇష్టం ఉన్నవాళ్లకి ఇంకో దారి కూడా ఉంది. 'స్ట్రేంజర్ థింగ్స్' చివరి సీజన్ తెలుగు ఆడియోతోనూ వచ్చింది. డబ్బింగ్ రచన, సబ్‌టైటిలింగ్‌లో కష్టమైంది మాటల అర్థం కాదు, టోనే. వెన్స్‌డే ప్రిన్సిపాల్‌తో మాట్లాడే ఒక్క పొగరు డైలాగ్ తీసుకోండి. ఇంగ్లిష్‌లో ఒకటే సంబోధన. తెలుగులో 'నువ్వు' అంటే మర్యాద తెలియని పిల్ల అయిపోతుంది, 'మీరు' అంటూనే గుచ్చితే వెన్స్‌డే అవుతుంది. ఇష్టమైన సిరీస్ నుంచి రెండు నిమిషాల సీన్ ఎంచుకుని, పెదాల కదలికకి సరిపోయేలా తెలుగులో రాసి చూడండి. అలాంటి అయిదు సీన్లు మీ పేరుతో ఉంటే పని అడగడానికి వెళ్లినప్పుడు చేతిలో చూపించడానికి ఏదో ఒకటి ఉన్నట్టే.

'వెన్స్‌డే' మూడో సీజన్ వచ్చేదాకా వాదించుకోవడానికి టైం ఉంది. రెండో సీజన్ చివర్లో స్నేహితురాలిని కాపాడటానికి ఈనిడ్ మళ్లీ మనిషి రూపానికి రాలేనేమో అని తెలిసీ తోడేలుగా మారింది. మొదటి సీజన్‌లో స్నేహితుల్ని వాడుకున్న అమ్మాయి ఇప్పుడు ఆ స్నేహితురాలిని వెతుక్కుంటూ బయల్దేరింది. బిల్లు వచ్చింది. కడుతుందా లేదా అన్నదే ఇక చూడాల్సింది. ఈసారి మీ గ్యాంగ్‌లో ఎవరైనా 'క్యారెక్టర్ పాడుచేశారు' అంటే వెంటనే ఒప్పుకోకండి, కొట్టిపారేయకండి. 'పాత్రలో బగ్గా, రాతలో బగ్గా?' అని అడగండి. అసలు చర్చ అక్కడ మొదలవుతుంది.